చచ్చిన ట్యాబ్‌కి ప్రాణం పోసే బజారు

ఛార్జింగ్ ఎక్కదు. లోగో దాటదు. ఎన్నిసార్లు నొక్కినా ఉలకదు, పలకదు. అలాంటి ట్యాబ్‌ని సంచిలో వేసుకుని జనం వెళ్లే చోటు ఒకటుంది హైదరాబాద్‌లో. అక్కడ ఓ పాత కంప్యూటరు, ఓ కేబులు, కాస్త ఓపిక... ఉంటే చాలు, చాలాసార్లు ట్యాబ్ లేచి కూర్చుంటుంది. కాకపోతే కౌంటరు అవతలి కుర్రాడు ముందుగా ఓ ప్రశ్న వేస్తాడు. దానికి జవాబు చెప్పడమే కష్టం!

ఆబిడ్స్ అనగానే ఒక్కొక్కరికి ఒక్కోటి గుర్తొస్తుంది. పాతతరానికి జనరల్ పోస్టాఫీసు, పుస్తకప్రియులకి ఆదివారం పూట పేవ్‌మెంట్ మీద పరిచే పాత పుస్తకాలు, పెళ్లిళ్లవాళ్లకి బట్టల దుకాణాలు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ ఇక్కడ పెట్టిన దుకాణం వల్లే ఈ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. సెల్‌ఫోన్లు ఇంటింటికీ చేరాక ఆబిడ్స్‌కి ఇంకో గుర్తు తోడైంది. అదే జగదీశ్ మార్కెట్. ఫోన్లూ ట్యాబ్‌లూ కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ బాగుచేయించుకునేవాళ్లూ రోజంతా కిటకిటలాడుతుంటారు.

లోపలికి అడుగుపెడితే రెండు భుజాలూ ఎవరికో ఒకరికి తగలాల్సిందే. ఓ వైపు రంగురంగుల కవర్లూ ఛార్జర్లూ తోరణాల్లా వేలాడుతుంటాయి. ఇంకోవైపు అద్దాల కౌంటరు వెనక తల వంచుకుని, భూతద్దం కింద స్క్రూలు విప్పే కుర్రాళ్లు. 'ఏం గావాలె అన్నా?' అని ఒకరు, 'క్యా హోనా భాయ్?' అని మరొకరు. తెలుగూ ఉర్దూ కలగలిసిన హైదరాబాదీ మాట ఇక్కడ చెవికి ఇంపుగా వినిపిస్తుంది. పగిలిన అద్దాలు మార్చేవాళ్లు కొందరు, బ్యాటరీలు వేసేవాళ్లు కొందరు. వీళ్లందరి మధ్యా ఓ మూల టేబుల్ మీద కంప్యూటరు పెట్టుకుని కూర్చునేవాళ్లు వేరు. వాళ్లని 'సాఫ్ట్‌వేర్‌వాలా' అంటారు. వాళ్ల చేతిలో స్క్రూడ్రైవర్ కంటే యూఎస్‌బీ కేబులే ఎక్కువ కనిపిస్తుంది.

అటెండరు రాకపోతే ఆఫీసు తెరుచుకోదు!

ట్యాబ్ 'చచ్చిపోయింది' అంటే చాలాసార్లు దాని వస్తువులేవీ పాడైనట్టు కాదు. అప్‌డేట్ సగంలో ఉండగా ఛార్జింగ్ అయిపోవచ్చు. మెమరీ అంచులదాకా నిండిపోయి ఉండొచ్చు. ఎవరో తెలిసీ తెలియక వేరే మోడల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఉండొచ్చు. ఫలితం ఒకటే... కంపెనీ పేరు తెరమీద వెలుగుతుంది, ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. అక్కడితో సరి.

ఇది అర్థం కావాలంటే ఓ ప్రభుత్వాఫీసుని ఊహించుకోండి. పొద్దున్నే అటెండరు వచ్చి తాళం తీయాలి. తర్వాత గుమాస్తా వచ్చి బీరువాలు తెరిచి ఫైళ్లు సర్దాలి. ఆపైన ఆఫీసరు వచ్చి కుర్చీలో కూర్చుంటేనే పని మొదలయ్యేది. ట్యాబ్‌లోనూ అంతే. బటన్ నొక్కగానే ముందు లేచేది ప్రాసెసర్ చిప్‌లోనే ఉండే 'బూట్ రామ్' అనే చిన్న ప్రోగ్రామ్. అది అటెండరన్నమాట. అది 'బూట్‌లోడర్' అనే గుమాస్తాని లేపుతుంది. గుమాస్తా వెళ్లి ఆండ్రాయిడ్ అనే ఆఫీసరుని లేపుతాడు. గుమాస్తా, ఆఫీసరు ఉండేది మెమరీ చిప్‌లో. అక్కడి రాతలు చెరిగిపోవచ్చు, చెడిపోవచ్చు. ఈ మూల సాఫ్ట్‌వేర్ మొత్తాన్నీ కలిపి ఫర్మ్‌వేర్ అంటారు.

కానీ అటెండరు సంగతి వేరు. చిప్ తయారయ్యేటప్పుడే దాన్ని అందులో శాశ్వతంగా ముద్రించేస్తారు. చెరిపేద్దామన్నా చెరగదు. గుమాస్తా ఎంతకీ రాకపోతే ఈ అటెండరు దొడ్డి గుమ్మం దగ్గరికెళ్లి నిలబడి, బయటినుంచి ఎవరైనా సాయానికి వస్తారేమోనని చూస్తాడు. ఆ దొడ్డి గుమ్మమే యూఎస్‌బీ. సాఫ్ట్‌వేర్‌వాలా పని ఆ గుమ్మం తట్టడమే!

ఒక్కో కంపెనీ ఆ గుమ్మానికి ఒక్కో పేరు పెట్టుకుంది. క్వాల్‌కామ్ దాన్ని 'ఎమర్జెన్సీ డౌన్‌లోడ్' అంటే, రాక్‌చిప్ 'మాస్క్‌రామ్' అంటుంది. ఆల్‌విన్నర్‌కి అది 'ఫెల్', యాపిల్‌కి 'డీఎఫ్‌యూ'. శామ్‌సంగ్ ట్యాబ్‌లో అయితే గుమాస్తా బాగుంటే చాలు, అతనే 'డౌన్‌లోడ్ మోడ్' అనే తలుపు తీస్తాడు. కొన్నింటికి వాల్యూమ్ బటన్ నొక్కి పట్టుకుని కేబుల్ పెట్టాలి. మొండికేసిన వాటికి వెనక మూత విప్పి, బోర్డు మీద రెండు చుక్కల్ని సన్నటి పట్టకారుతో కలపాలి. అప్పుడు కంప్యూటర్‌లోంచి 'టింగ్' మని ఓ చిన్న చప్పుడు వస్తుంది. అదే శుభవార్త. తెరమీద ఏమీ కనిపించకపోయినా లోపల అటెండరు పలికాడన్నమాట. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ చప్పుడు రాకపోతే అప్పుడు అనుమానించాల్సింది బ్యాటరీనో, బోర్డునో. ఆ ట్యాబ్ పక్కనున్న హీట్‌గన్ కుర్రాడి టేబుల్ మీదికి వెళుతుంది.

'డేటా హోనా?'

ట్యాబ్ చేతికివ్వగానే సాఫ్ట్‌వేర్‌వాలా అడిగే మొదటి ప్రశ్న మోడల్ గురించి కాదు, డబ్బుల గురించీ కాదు. 'డేటా హోనా?' అంటాడు. లోపల ఉన్నవి కావాలా, అక్కర్లేదా అని. చిన్న మాటే కానీ మొత్తం కథ దానిమీదే ఆధారపడి ఉంటుంది.

ఎందుకంటే ఫర్మ్‌వేర్ ఎక్కించడమంటే చాలావరకు ఇంటిని ఖాళీ చేసి సున్నం వేయడమే. ట్యాబ్ కొత్తదాన్లా తళతళలాడుతూ లేస్తుంది. 'మీ భాష ఎంచుకోండి' అని అడుగుతుంది. అప్పటిదాకా అందులో ఉన్న ఫొటోలూ వీడియోలూ పిల్లల నోట్సులూ ఏవీ ఉండవు.

మిర్యాలగూడ నుంచి వచ్చిన ఓ తల్లి చేతిలో ఉన్నది అలాంటి ట్యాబే. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో ఆన్‌లైన్ తరగతులు మొదలైనప్పుడు కొడుకు చదువుకోసం కొన్నారు. బడులు తెరిచాక దాన్ని తాతగారు తీసుకున్నారు. ఆయన ఒకప్పుడు ఊళ్లలో పౌరాణిక నాటకాలాడిన మనిషి. సాయంత్రం పూట ట్యాబ్ ముందు కూర్చుని పద్యాలు పాడి రికార్డు చేసుకునేవారు. ఆయన పోయారు. ట్యాబ్ మిగిలింది. ఓ రోజు అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది, ఛార్జింగూ అయిపోయింది. అంతే, లోగో దగ్గరే ఆగిపోయింది.

'మా మామయ్య పద్యాలున్నయ్ బిడ్డా. ట్యాబ్ పోతె పోనీ, అవి పోవద్దు' అందామె.

'పోకుండ జూస్తనమ్మా. గ్యారంటీ మాత్రం ఇయ్యలేను' అన్నాడు కుర్రాడు.

అది మీడియాటెక్ చిప్ ఉన్న ట్యాబ్. ముందుగా దాని మోడల్ నంబరూ, లోపల ఉన్న సాఫ్ట్‌వేర్ వెర్షనూ పెట్టె మీదా, వెనక మూత మీదా చూసుకుని సరిగ్గా అదే ఫర్మ్‌వేర్ వెతికాడు. అందులో 'స్కాటర్' అనే చిన్న ఫైలు ఉంటుంది. మెమరీలో ఏ గది ఎక్కడుందో చెప్పే ఇంటిపటం లాంటిది. కంప్యూటర్ తెరమీద గదుల పేర్లు వరసగా వచ్చాయి... బూట్, రికవరీ, సిస్టమ్, చివర్లో 'యూజర్ డేటా'. అన్నిటి పక్కనా టిక్కు ఉంది. కుర్రాడు యూజర్ డేటా పక్కనున్న టిక్కు తీసేశాడు. 'ఫార్మాట్ ఆల్' అనే బటన్ జోలికి పోకుండా 'డౌన్‌లోడ్ ఓన్లీ' ఎంచుకున్నాడు. ఆ ఇంటిలో తాతగారి గది తలుపు మూసి, మిగతా గదులకి మాత్రమే సున్నం వేస్తున్నాడన్నమాట.

కేబుల్ పెట్టాడు. 'టింగ్'. తెర అడుగున ఎర్రగీత పాకింది, తర్వాత పసుపుగీత నెమ్మదిగా జరగడం మొదలెట్టింది. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. చివరికి ఆకుపచ్చ టిక్కు పడింది. కేబుల్ తీసి బటన్ నొక్కితే లోగో వచ్చింది. మామూలుకంటే చాలాసేపు అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత తాళం తెర వచ్చింది. దానివెనక మనవడి ఫొటో! పిన్ను కొట్టి, ఆడియో ఫైలు నొక్కగానే మార్కెట్ రొదలోంచి హార్మోనియం శ్రుతీ, వెనకాలే ఓ ముసలి గొంతు సాగదీసిన రాగమూ వినిపించాయి. పక్క కౌంటర్లో కవర్లు అమ్ముతున్న పెద్దాయన ఓ క్షణం ఆగి చూశాడు.

'ముందుగాల ఇవి వేరే దాంట్ల ఎక్కించుకోండమ్మా' అన్నాడు కుర్రాడు. పెన్‌డ్రైవ్ ఇచ్చాకే డబ్బులు తీసుకున్నాడు.

అన్ని కథలూ ఇలా ముగియవు. మెమరీ చిప్పే అరిగిపోయిందనుకోండి, పసుపుగీత సగంలో ఆగి ఎర్రక్షరాల్లో తప్పు చూపిస్తుంది. అప్పుడు చేసేదేమీ ఉండదు. 'చిప్ ఊడదీసి వేరే మిషన్లో చదివించొచ్చు కదా' అంటారు కొందరు. పాత పరికరాల్లో అది నడిచేది. ఆండ్రాయిడ్ 10తో 2019 నుంచి వచ్చిన కొత్త మోడళ్లన్నిటిలో యజమాని సమాచారం గుప్తలిపిలోనే ఉంటుంది. దాని తాళంచెవి అదే ట్యాబ్ ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. మెమరీ ఒక్కటీ చేతికొచ్చినా కనిపించేది అర్థంలేని అంకెల మూటే.

శామ్‌సంగ్ ట్యాబ్‌లకి వాడే 'ఓడిన్' ప్రోగ్రామ్‌లోనూ ఇదే తిరకాసు. ఫర్మ్‌వేర్‌తో పాటు 'సీఎస్‌సీ', 'హోమ్ సీఎస్‌సీ' అని రెండు ఫైళ్లు వస్తాయి. మొదటిది పెడితే లోపలివన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. రెండోది పెడితే సాధారణంగా నిలుస్తాయి. ఐప్యాడ్‌ని కంప్యూటర్‌కి కలిపితే 'అప్‌డేట్', 'రీస్టోర్' అని రెండు బటన్లు కనిపిస్తాయి. అప్‌డేట్ అంటే సమాచారం ఉంచి సాఫ్ట్‌వేర్ మాత్రమే మళ్లీ వేయడం, రీస్టోర్ అంటే మొత్తం చెరిపేయడం. కంగారులో రెండోది నొక్కేవాళ్లే ఎక్కువ!

పుట్టిల్లు షెన్‌జెన్

సాఫ్ట్‌వేర్‌వాలా కంప్యూటర్లో ఉండే కొన్ని ప్రోగ్రామ్‌ల మెనూలు సగం ఇంగ్లిషులో, సగం చైనా లిపిలో ఉంటాయి. అక్షరం అర్థం కాకపోయినా ఏ బటన్ ఎక్కడుందో ఈ కుర్రాళ్లకి కొట్టిన పిండే. ఆ లిపి ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే హాంకాంగ్ పొరుగునున్న షెన్‌జెన్ దాకా వెళ్లాలి.

1980లో చైనా తన తొలి ప్రత్యేక ఆర్థిక మండళ్లలో ఒకటిగా ఎంచుకున్న ఊరది. ఆ ఊళ్లో హువాచాంగ్‌బే అనే వీధి ఉంది. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు ఉన్నచోట 1988లో సెగ్ అనే విడిభాగాల మార్కెట్ వెలిసింది. 2000లో దాని స్థానంలో 350 మీటర్లకు పైగా ఎత్తున్న సెగ్ ప్లాజా లేచింది. కింది అంతస్తుల్లో అగ్గిపెట్టెల్లాంటి కౌంటర్లు... ఒకచోట రెసిస్టర్లే, ఇంకోచోట తెరలే, మరోచోట కెమెరాలే. 2013లో మెట్రో పనులకోసం మూసిన ఆ వీధి 2017లో కాలినడక బజారుగా మళ్లీ తెరుచుకుంది. జగదీశ్ మార్కెట్‌ని వందరెట్లు పెంచి చూసుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుందన్నమాట.

2010 తర్వాత ప్రపంచమంతా చవక ట్యాబ్‌లు పోటెత్తింది ఈ ఊరినుంచే. జుహాయ్‌లోని ఆల్‌విన్నర్, ఫుజౌలోని రాక్‌చిప్, తైవాన్‌లోని మీడియాటెక్ తక్కువ ధరకి చిప్‌లు అందించాయి. చిప్‌తో పాటే బోర్డు పటం, సాఫ్ట్‌వేర్, దాన్ని ఎక్కించే పరికరం కూడా ఇచ్చేవి. ఫ్యాక్టరీలో వరసగా పేర్చిన ట్యాబ్‌లకి కేబుళ్లు తగిలించి, ఒకే కంప్యూటర్ నుంచి మొదటిసారి ప్రాణం పోసేవారు. ఆబిడ్స్‌లో కుర్రాడు వాడుతున్నది ఆ పరికరమే! రాక్‌చిప్‌వాళ్ల ప్రోగ్రామ్ పేరులో 'బ్యాచ్' అన్న మాట ఉండటానికి కారణం అదే. ఆల్‌విన్నర్‌వాళ్లదాని పేరు 'ఫీనిక్స్‌సూట్'. బూడిదలోంచి మళ్లీ లేచే పక్షి పేరు. ఎవరు పెట్టారో గానీ సరిగ్గా కుదిరింది.

ఈ పుట్టింటి వ్యవహారమే ఓ తలనొప్పి కూడా. 'క్యూ8' అనే 7 అంగుళాల ట్యాబ్‌నే తీసుకోండి. ఒకే అచ్చులో పోసిన ప్లాస్టిక్ పెట్టెలో ఎన్నో ఫ్యాక్టరీలు తమ తమ బోర్డులు పెట్టి, రకరకాల పేర్లతో అమ్మాయి. బయటికి కవలపిల్లలు. లోపల టచ్ చిప్ వేరు, వైఫై చిప్ వేరు. ఒకదాని ఫర్మ్‌వేర్ ఇంకోదానికి ఎక్కిస్తే ట్యాబ్ లేస్తుంది కానీ కుడివైపు తాకితే ఎడమవైపు పలుకుతుంది! అందుకే అనుభవజ్ఞులు పెట్టె మీద పేరుని నమ్మరు. మూత విప్పి బోర్డు మీది నంబరు చదువుతారు.

'ఆకాశ్' కట్టింది ఇక్కడే

చవక ట్యాబ్ కథలో హైదరాబాద్‌కీ ఓ పేజీ ఉంది. విద్యార్థులకి అతి తక్కువ ధరకి ట్యాబ్ ఇస్తామంటూ కేంద్ర ప్రభుత్వం 2011 అక్టోబరు 5న ఢిల్లీలో 'ఆకాశ్'ని విడుదల చేసింది. డేటావిండ్ అనే సంస్థ తెచ్చిన ఆ ట్యాబ్‌ని జతకూర్చింది హైదరాబాద్‌లోనే. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా ఒత్తితేగానీ పలకని 7 అంగుళాల తెర. నెమ్మదిగా ఉందన్న విమర్శలు వెంటనే వచ్చాయి. 2012 నవంబరులో వచ్చిన ఆకాశ్-2లో ఆల్‌విన్నర్ ఏ13 చిప్ వేశారు. ఆ తర్వాత పథకం మెల్లగా మరుగునపడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. పల్లెలో పిల్లాడి చేతికి ట్యాబ్ రావడం పెద్ద వార్త కాకుండాపోయింది. అది ఆగిపోతే ఎవరు బాగుచేస్తారన్నదే ఇప్పుడు ప్రశ్న.

తాళాలు వేరు, ప్రాణం వేరు

ఇంత చేయగలిగినవాళ్లు దొంగసొత్తునీ లేపేయరా? ఈ అనుమానం రావడం సహజం. దానికి అడ్డుకట్టలు ఉన్నాయి. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన రక్షణ వల్ల ట్యాబ్‌ని మొత్తం చెరిపేసినా పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. ఐప్యాడ్‌కీ అలాంటి తాళమే ఉంది. పైగా దానికి ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించాలన్నా యాపిల్ సర్వర్ ఆ క్షణాన సరేనని ముద్ర వేయాలి. బాధ్యత తెలిసిన దుకాణదారు బిల్లు చూపించమంటాడు.

సిమ్ వేసుకునే ట్యాబ్‌లతో ఇంకో జాగ్రత్త ఉంది. అంతా చెరిపేసే 'ఫార్మాట్ ఆల్' నొక్కితే మీడియాటెక్ ట్యాబ్‌లో ఐఎంఈఐ నంబరు ఉన్న చోటు కూడా ఖాళీ అవుతుంది. ట్యాబ్ లేస్తుంది, సిగ్నల్ రాదు. పోయిన సొంత నంబరుని కంపెనీ సర్వీస్ సెంటర్లో సరిచేయించుకోవాలే తప్ప, వేరే నంబరు వేయించుకుంటే నేరం.

చెత్తబుట్టకి ముందు ఓ మజిలీ

ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి, రీసైకిల్ చేసినట్టు లెక్కతేలింది 22.3 శాతమే. కొనుగోలుదారుకి బాగుచేయించుకునే హక్కు ఉండాలంటూ మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచింది. అయినా చాలా కంపెనీలు తమ ఫర్మ్‌వేర్‌ని జనానికి నేరుగా అందుబాటులో పెట్టవు. అందుకే ఏదో ఓ మూల హార్డ్‌డిస్క్‌లో ఎన్నో ఏళ్లనాటి పాత మోడళ్ల ఫైళ్లు భద్రంగా దాచుకున్న కుర్రాడి విలువ ఇంతా అంతా కాదు. కంపెనీ మరిచిపోయిన ట్యాబ్‌ని అతను మరిచిపోడు.

అతను కూడా తేలేనిది ఒక్కటే... మీరు దాచుకోనిది. సాఫ్ట్‌వేర్‌కి ఎక్కడో ఓ నకలు ఉంటుంది. తాతగారి పద్యానికి నకలు ఉండేది, ఎవరైనా తీసి పెడితేనే.

వెళ్లాలంటే...

జగదీశ్ మార్కెట్‌కి దగ్గర్లోని మెట్రో స్టేషన్ నాంపల్లి. అక్కణ్నుంచి ఆటోలో కొద్ది నిమిషాలే. పార్కింగ్ కష్టం కాబట్టి సొంత కారు వద్దు. సికింద్రాబాద్ వైపువాళ్లకి పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. కంప్యూటర్లకి పేరుపొందిన చోటు. ప్యారడైజ్ మెట్రో స్టేషన్లో దిగితే సరి.

* వారంటీ ఉంటే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి.

* బిల్లు, పెట్టె వెంట తీసుకెళ్లండి. మోడల్ నంబరు చివరి అక్షరందాకా ముఖ్యం. వైఫై మోడల్‌కీ సిమ్ మోడల్‌కీ ఫర్మ్‌వేర్ వేరు.

* గూగుల్ లేదా యాపిల్ ఖాతా పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోండి. లేకపోతే ట్యాబ్ లేచినా మీకు తెరుచుకోదు.

* మెమరీ కార్డు, సిమ్ తీసేసి ఇవ్వండి.

* 'డేటా కావాలి' అన్న మాట కేబుల్ పెట్టకముందే చెప్పండి. మీ కళ్లముందే చేయించుకోండి.

* ఇంట్లో చేసుకునేవాళ్లు ట్యాబ్‌ని సగానికి పైగా ఛార్జ్ చేసుకుని, ల్యాప్‌టాప్‌తోనో యూపీఎస్ ఉన్న కంప్యూటర్‌తోనో మొదలుపెట్టాలి. గీత పాకుతున్నంతసేపూ కేబుల్ కదపకూడదు.